బిళ్ల చప్పుడు

పకోడీల పొట్లం విప్పితే
నూనె మరక కింద ఒక విమానం.
ఒరియా అక్షరాలు నాకు ఇసకలో గవ్వలు,
ఒక్కోటీ ఏరి చూసుకునేలోగా చీకటి పడిపోతాది.
ఎర్రయ్య కూతురు నూకాలుకి రెండు లిపులూ వచ్చు,
బాహుదాకి ఇవతల ఐదు క్లాసులు, అవతల ఐదు.

"అరవై విమానాలకి ఆర్డరు పెట్టారంట మావా," అంది.
"రేకు కాదంట. నల్లటి దారం నేసి,
గుడ్డ మీద గుడ్డ పరిచి, జిగురు తాగించి,
బట్టీలో కాల్చిన ఒళ్లంట.
తేలికంట. తుప్పు పట్టదంట."

నాకు నవ్వొచ్చింది.
సోనాపూర్ ఒడ్డున బోర్లా పడుకున్న పదకొండు పడవలూ
మెడ తిప్పి ఆకాశం కేసి చూసినట్టయింది.

మన పనేనే పిల్లా అది.
గాజు పీచు చాప కత్తిరించి,
రెజిన్ డబ్బాలో హార్డెనర్ మూతలెక్కన పోసి
(ఎండ కాస్తే ఒక మూత, ముసురు పడితే మూడు)
బ్రష్షుతో అద్ది, రోలరుతో గాలి బుడగలు చిదిమి,
పీచు చర్మంలోకి దిగితే
కొబ్బరినూనె రాసుకుని రాత్రంతా గోక్కోవడం.
ఆ అరవైటినీ చేసేవాళ్లు తొడుగులేసుకుంటారేమో.
వాళ్ల పెళ్లాలు "దూరంగా పడుకో" అనరేమో.

మా అయ్య రోజుల్లో గాజు లేదు.
మావిడి పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాడు,
పడవ మొత్తానికి ఒక్క మేకు లేదు.
మేకు కొట్టింది కెరటం మీద పగుల్తాది,
కుట్టింది వంగి లేస్తాది, అనేవాడు.
ఆ రెక్కలు కూడా గాలికి పైకి వంగుతాయని
పేపర్లో ఉందంట.
అయ్యా, విన్నావా.

కానీ నూకాలూ, పేపరోడు రాయనిది ఒకటుంది.
చెక్కయితే నెర్రెలిచ్చి చెప్తాది.
రేకయితే సొట్టపడి చెప్తాది.
పీచు చెప్పదు.
బండకి తగిలి లోపల పొరకీ పొరకీ ఎడమొచ్చినా
పైన రాసిన గంగమ్మ బొమ్మ చెక్కు చెదరదు.
దానికి బిళ్లే మందు.
రూపాయి బిళ్లతో జానెడు జానెడుకీ కొట్టుకుంటూ పోవాలి.
గట్టి చోట టింగుమంటాది.
విడిపోయిన చోట డబ్బుమంటాది,
ఎండిన సొరకాయ మీద కొట్టినట్టు.

సూరాడ కాములు పడవ తెచ్చిన రోజు
నా దగ్గర బిళ్ల లేదు.
అందరూ ఫోన్లోనే డబ్బులేస్తున్నారు,
జేబులో చిల్లర మోగి ఎన్నాళ్లయిందో.
వేలి కణుపుతో కొట్టాను.
గాలి ఉంది, కెరటాల హోరు ఉంది,
పున్నానికి వేటకెళ్లాలని పక్కన కాములు తొందర.
బాగానే ఉందన్నాను.

మొగ దగ్గర మూడో కెరటానికి విచ్చుకుంది.
ముగ్గురు ఈదుకొచ్చారు.
కాములు మూడో నాడు
సరిహద్దు దాటి కవిటి వైపు తేలాడు.
ఏ రాష్ట్రం పోలీసులు రాయాలో తేలడానికి
ఇంకో పూట.

ఇప్పుడు పది రూపాయల బిళ్లకి చిల్లు పొడిచి
మెడలో తాడుకి వేసుకున్నాను.
ఏ కొట్టువాడూ తీసుకోడు దాన్ని.

రాత్రిళ్లు భువనేశ్వర్ నుంచి మద్రాసు పోయే విమానం
దీపం వెలిగించుకుంటూ ఆర్పుకుంటూ మా మీంచి పోతాది.
అరవైకి ఆర్డరు పెట్టిన పెద్దమనుషులు
కొట్టి వినేవాడికి కూడా పెట్టారో లేదో,
ఆ ముక్క దగ్గరే పొట్లం చిరిగిపోయి ఉంది.

"ఉంటాడులే మావా," అంది నూకాలు,
"వాడి బిళ్ల ఏ దేశందో."

మెడ వంచమని తాడు తీసుకుంది.
వాళ్ల నాన్న పడవ ముక్కు దగ్గర మొదలెట్టి
టింగు, టింగు, టింగు,
చెవి ఆనించి, జరిగి, టింగు,
నేను చల్లారిన పకోడీ నోట్లో పెట్టుకుని
నమలడం ఆపాను.

"ఇక్కడ," అంది.

"మళ్లీ కొట్టు," అన్నాను.